పామ్ బీచ్ హోటల్ అంటే మన బీచ్ రోడ్డుదేనా? మా ముత్తాత అక్కడ "మేనేజర్" అట

పెదజాలరిపేట_కుర్రోడు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు. మా నాయనమ్మకి ఎనభై దాటాయి, ఈ మధ్య పాత సంగతులు ఎక్కువ చెప్తోంది. మా ముత్తాత, అంటే ఆవిడ మామగారు, దొరల కాలంలో పామ్ బీచ్ హోటల్లో పనిచేశాడట. మా నాన్న దాన్ని ఇంకాస్త పెంచి ఆయన్ని మేనేజర్ని చేసేశాడు, నా పెళ్ళిచూపుల్లో కూడా అదే చెప్పుకున్నాం. బీచ్ రోడ్డులో పార్క్ హోటల్ పక్కన పామ్ బీచ్ ఉంది కదా, మా పేట నుంచి నడిచిపోయే దూరం, అందుకని నాకెప్పుడూ అనుమానం రాలేదు. మొన్న రాత్రి అన్నం తింటూ నాయనమ్మ ఒక మాట అంది. "ఎండలు ముదిరితే చాలు రైలెక్కి పోయీవోడు, వానలు పడ్డాక ఒచ్చీవోడు" అని. పక్క వీధి ఉద్యోగానికి రైలెక్కడం ఏంటి? అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. పాత వైజాగ్ సంగతులు తెలిసినవాళ్ళు చెప్పండి.

మురీమిక్చర్
ట్రాఫిక్ అప్పుడే మొదలైందేమో బ్రో, రైలే నయం అనుకున్నాడు.

వాల్తేరు_లోకో
రైలు అన్నారు కాబట్టి నేను దూరక తప్పదు. బాబూ, పామ్ బీచ్ అనే పేరుతో ఈ తీరంలో ఇంకో హోటల్ ఉంది, మనదానికంటే బయట ప్రపంచానికి ఎక్కువ తెలిసినది. గోపాల్‌పూర్‌లో. ఇప్పటి ఒడిశాలో ఉన్న బరంపురంలో దిగి అక్కడి నుంచి పదహారు కిలోమీటర్లు వెళ్ళాలి. 1914లో మాగ్లియోని అనే ఇటలీ ఆయన కట్టించాడు. ఒక ఇటలీవాడు గంజాం జిల్లా ఇసుకలో హోటల్ పెట్టడం విడ్డూరమే గానీ, రైలు లేకపోతే ఆ విడ్డూరం జరిగేది కాదు. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ లైను 1893లో మొదలుపెట్టి 1896కల్లా వేసేశారు. ఆ తర్వాత దాన్ని రెండు ముక్కలు చేశారు, వాల్తేరు నుంచి కిందికి మద్రాసు రైల్వేకి, పైకి 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకి. అంటే కలకత్తా నుంచి బయల్దేరిన బీఎన్ఆర్ ప్రయాణికుడికి పూరీ, గోపాల్‌పూర్, వాల్తేరు మూడూ ఒకే తాడుకి కట్టిన మూడు ఊళ్ళు. మీ ముత్తాత ఆ తాడు పట్టుకుని అటు వెళ్ళి ఉంటాడు. మన స్టేషన్లో బండి వెనక్కి తిరగాలి కదా, ఇంజన్ ఊడదీసి అటు తగిలించేదాకా మదరాసు నుంచి వచ్చేవాళ్ళు ఎలాగూ కూర్చోవాలి. ఆ కూర్చునే బాధ నా సర్వీసంతా చూశాను.

సందేహాల_పంతులు
ఒక్క నిమిషం. వేసవి హోటల్ అంటే ఊటీలోనో డార్జిలింగ్‌లోనో ఉండాలి. మే నెలలో మన సముద్రం ఒడ్డున చెమట కాలవలు కడుతుంది. బుద్ధున్నవాడెవడైనా డబ్బిచ్చి అక్కడికొస్తాడా? నాకైతే కథ అతికినట్టు లేదు.

ఉప్పుగాలి
పంతులుగారూ, మీరు ఏసీ గదిలోంచి రాస్తున్నారు. పంఖా లాగే మనిషి తప్ప ఇంకేం లేని రోజుల్లో చూడండి. పొద్దెక్కేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా కాలుతుంది, నేల మీద గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీద గాలి లోపలికి తోసుకొస్తుంది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత ఆర్కే బీచ్‌లో నిలబడితే తెలుస్తుంది. అదే టైముకి నాలుగు ఊళ్ళు లోపలికి పోతే వడగాడ్పు. చెమట పడుతుంది, నిజమే, కానీ ఆ వడగాడ్పు అంతగా కొట్టదు. మద్రాసు గవర్నరు ఆఫీసంతా మూటగట్టుకుని ఊటీ వెళ్ళేవాడు, విశాఖపట్నం గంజాం జిల్లాల్లో పనిచేసే చిన్న దొరకి ఆ భాగ్యం ఎక్కడిది? అక్కడికి చేరేలోపే సెలవు అయిపోతుంది. వీళ్ళకి దగ్గర్లో దొరికిన ఊటీ సముద్రమే.

మన ఊళ్ళో కూడా దొరలు పాత పట్నంలో ఉండకుండా వాల్తేరు మిట్ట మీద బంగళాలు కట్టుకుంది ఆ గాలికోసమే. రాజులూ అంతే. బీచ్ రోడ్డులో జయపురం వాళ్ళ భవనం పేరేంటి? హవా మహల్. గాలి కొనుక్కునేవాళ్ళు పెట్టే పేరు అది.

ఇంకోటి, బెంగాలీలకి "ఛేంజ్" అనే పిచ్చి ఉండేది. ఒంట్లో బాగోకపోతే డాక్టరు మందుతోపాటు గాలి మార్పు రాసిచ్చేవాడు. వాళ్ళు వేసవిలో కాదు, దసరా తర్వాత వచ్చేవాళ్ళు. కాబట్టి ఇలాంటి హోటళ్ళకి రెండు సీజన్లు, ఎండలకి దొరలు, చలికాలానికి కలకత్తా బాబులు.

సందేహాల_పంతులు
గాలి సంగతి ఒప్పుకుంటున్నా. మరి వైజాగ్ అంత అందంగా ఉండగా గోపాల్‌పూర్ ఎందుకు?

బరంపురం_బుల్లోడు
ఇది మా ఊరి ప్రశ్న, నేను చెప్తా. నేను పుట్టింది బరంపురం, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నా. ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు పోయింది. అందుకే మా బరంపురంలో ఇప్పటికీ వీధికి ఇద్దరు తెలుగువాళ్ళు తగుల్తారు, వి.వి.గిరి గారు పుట్టింది కూడా మా ఊళ్ళోనే. మీ ముత్తాత రైలెక్కి "పై రాష్ట్రం" వెళ్ళలేదు, పక్క జిల్లాకి వెళ్ళాడు అంతే.

ఇక గోపాల్‌పూర్ మొదట్లో విడిది ఊరు కాదు, రేవు. అక్కడి నుంచి స్టీమర్లు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళేవి. మన విశాఖ, కాకినాడ రేవుల్లోంచి కూలి జనం ఎలా రంగం పోయారో గంజాం జనం గోపాల్‌పూర్ నుంచి అలా పోయారు. వ్యాపారం చేసే కంపెనీ దొరల బంగళాలు ఒడ్డు వెంట ఉండేవి. ఆ వాతావరణంలో 1914లో హోటల్ వచ్చింది. అలలు తగిలేంత దగ్గర, ముందు ఇసుక, అటూ ఇటూ సరుగుడు, మొగలి పొదలు.

తర్వాత జరిగింది చూడండి. వైజాగ్‌కి 1933లో హార్బరు వచ్చింది, అంతకుముందే 1930లో యూనివర్సిటీ వచ్చింది, ఊరు ఊరంతా ఉద్యోగాల ఊరైపోయింది. గోపాల్‌పూర్‌కి యుద్ధంతో రంగం స్టీమర్లు ఆగిపోయాయి, రేవు పడుకుంది. పనిలేని రేవులో మిగిలేది గాలీ ఇసుకే కదా, అవి అమ్ముకుని బతికింది. ఇప్పుడు మళ్ళీ పోర్టు వచ్చిందనుకోండి, అది ఊరికి కాస్త ఎడంగా ఉంటుంది. మాకు చిన్నప్పుడు గోపాల్‌పూర్ అంటే ఆదివారం పిక్నిక్కే. హోటల్ గేటు దాకా వెళ్ళి లోపలికి తొంగిచూసి వచ్చేసేవాళ్ళం.

మురీమిక్చర్
1914 అంటే ఎమ్డెన్ ఏడాది కదా? జర్మనీ ఓడ బంగాళాఖాతంలో తిరుగుతూ దొరికిన ఓడనల్లా ముంచి, సెప్టెంబరులో మద్రాసు మీద గుండ్లు వేసింది. సముద్రం ఒడ్డున హోటల్ తెరవడానికి భలే ముహూర్తం చూసుకున్నాడు ఇటలీ మావ.

వాల్తేరు_లోకో
నవ్వులాటకి అన్నా నిజమే. అయినా హోటల్ నిలబడింది. 1947లో ఒబెరాయ్ గారు దాన్ని కొన్నారు. ఆయన సిమ్లాలో ఒక హోటల్లో గుమాస్తాగా మొదలై, జబ్బులొచ్చి మూతపడిన కలకత్తా గ్రాండ్ హోటల్‌ని 1938లో లీజుకి తీసుకుని పైకొచ్చిన మనిషి. కలకత్తాలో హోటల్ ఉన్నవాడికి కలకత్తావాళ్ళు సెలవులకి ఎక్కడికి పోతారో తెలియకుండా ఉంటుందా? నా లెక్కలో అందుకే కొని ఉంటాడు. చాలా ఏళ్ళు ఒబెరాయ్ పామ్ బీచ్ అనే పిలిచారు, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళ చేతిలో ఉంది.

పోల్చుకోవడానికి మన ఊరు చూడండి, పార్క్ హోటల్ వచ్చింది 1968లో, డాల్ఫిన్ హోటల్ 1980లో.

పెదజాలరిపేట_కుర్రోడు
అమ్మో, ఇంత సమాచారం! అందరికీ థాంక్స్. అయితే గోపాల్‌పూరే అయ్యుంటుంది. కానీ 1920ల్లో 30ల్లో దొరల హోటల్లో మా పేట మనిషిని మేనేజర్‌గా పెట్టుకుంటారా అని ఇప్పుడు కొత్త టెన్షన్. ఆయనకి సంతకం రాదని నాయనమ్మే చెప్పింది.

పూరీ_తెలుగమ్మాయి
అన్నా, ఒకటి అడుగుతాను ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో కోసుగా ఉండే టోపీ ఏదైనా ఉందా? పేముతో గానీ వెదురుతో గానీ అల్లినది, సున్నం కొట్టినట్టు తెల్లగా, ముందు నంబరు వేసి?

ఎందుకు అడుగుతున్నానంటే, నేను పుట్టింది పూరీ పెంటకటాలో. పేరు వింటేనే మీకు మన పెంటకోట గుర్తొస్తుంది. అక్కడ మా వాడబలిజ వాళ్ళు వేలమంది, ఇంట్లో తెలుగు, బయట ఒడియా. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపలు వెతుక్కుంటూ తరాల కింద వెళ్ళినవాళ్ళం. అక్కడివాళ్ళు మమ్మల్ని నోలియాలు అంటారు. వేటతోపాటు మావాళ్ళు చేసిన ఇంకో పని ఏంటంటే, స్నానానికి వచ్చిన యాత్రికుల్నీ దొరల్నీ చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళి మళ్ళీ ప్రాణాలతో ఒడ్డుకి తేవడం. ఆ టోపీ నోలియా గుర్తు. ఎండకి గొడుగు, దూరం నుంచి మనిషి కనపడతాడు, నంబరు చూసి ఎవరో తెలుస్తుంది.

ఈత నేర్పడం కాదు అది. తూర్పు తీరంలో అల ఒడ్డు దగ్గరే నిలువుగా లేచి విరుగుతుంది, ఛాతీ మీద పడితే బలమైనవాడు కూడా బోర్లా పడతాడు, వెనక్కి పోయే నీరు కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది. మా తాతయ్య చెప్పేవాడు, అరచెయ్యి పట్టుకోకూడదట, తడికి జారిపోతుంది. మణికట్టు పట్టుకోవాలి. అలకి ఎదురు నిలబెట్టకూడదు, పక్కకి తిప్పాలి. చిన్న అలయితే "ఎగురు" అనాలి, పెద్దదయితే విరక్కముందే తల వంచి దాని కిందకి దూర్చాలి. దొరసానికి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు, మణికట్టు మీద ఒకసారి నొక్కితే ఎగరమని, కిందకి లాగితే మునగమని. అంతే భాష.

ఉప్పుగాలి
ఇది చదివాక కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. బాగా రాశావమ్మా. ఒకటి కలుపుతా. హార్బర్లు లేని రోజుల్లో ఓడలు దూరంగా ఆగితే సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకి తెచ్చింది మసూలా పడవలు. మేకు వాడకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవాళ్ళు, అల కొడితే పడవ విరక్కుండా వంగుతుంది. అలని దాటించడం తెలిసినవాళ్ళు ఈ కులాలవాళ్ళే. రేవు పని తగ్గాక అదే విద్య హోటల్ ముందు పనికొచ్చింది అనిపిస్తుంది నాకు.

పెదజాలరిపేట_కుర్రోడు
అక్కా.

ఉంది.

మా అటక మీద కాదు, వంటింట్లోనే ఉంది. మేమంతా దాన్ని బుట్ట అనుకుంటున్నాం. తిరగేసి మేకుకి తగిలించి అందులో ఉల్లిపాయలు వేస్తాం. నాకు తెలిసినప్పట్నుంచీ అంతే. మీ పోస్టు చదివి వెళ్ళి దించాను. ఉల్లిపొట్టు దులిపి బోర్లిస్తే కోసుగా నిలబడింది. పేముతో అల్లిందే, లోపల తల చుట్టూ గుడ్డ కుట్టిన గుర్తులున్నాయి, ఆ గుడ్డ చెమటకో ఉప్పుకో నల్లగా గట్టిపడిపోయింది. బయట తెల్లరంగు అక్కడక్కడా పెచ్చులుగా మిగిలింది. ఒక పక్క 1 కనిపిస్తోంది, దాని పక్కన సగం చెరిగిన అంకె, 4 అయినా కావాలి 9 అయినా కావాలి.

మురీమిక్చర్
1914 అని రాయబోయి చోటు చాలక ఆపేశారేమో 😀
జోక్ పక్కన పెడితే, బ్రో, ఉల్లిపాయలు వెంటనే తీసెయ్.

సందేహాల_పంతులు
నేను మళ్ళీ అడ్డుపడుతున్నా, కోప్పడకండి. టోపీ నోలియాదని తేలింది. గోపాల్‌పూర్ నోలియాదని ఎలా తేలింది? పూరీలో కూడా బీఎన్ఆర్ వాళ్ళు 1925లో సొంత హోటల్ తెరిచారు. యాత్రికుల తాకిడి కూడా పూరీకే ఎక్కువ. ఇంట్లో ఆ పేరు నిలిచిపోవడానికి పక్కన ఉన్న మన పామ్ బీచ్ కారణం కావచ్చు కదా.

వాల్తేరు_లోకో
పంతులుగారి ప్రశ్న సబబే. బాబూ, నాయనమ్మగారిని ఒకటి అడుగు. హోటల్ పేరు అడగొద్దు, అది ఇప్పటికే అందరి నోళ్ళలో నానిపోయింది. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆయన ఏం తెచ్చేవాడో అడుగు. మనుషులు ఊరి పేరు మర్చిపోతారు గానీ తెచ్చిన తాయిలం మర్చిపోరు.

పెదజాలరిపేట_కుర్రోడు
అడిగాను. రికార్డు చేశాను, ఆవిడ మాటల్లోనే రాస్తున్నా.

"ఏటి తెస్తాడు, అప్పడాలు తెచ్చీవోడు, ఇంతింత కట్టలు. మీ తాతకి లాగుడ్డ. మా అత్తకి మొగలిపువ్వు, పెట్లో బట్టల కింద ఎట్టీది, పెట్టి తీస్తే ఇల్లంతా వాసనే. నాను కాపరానికి ఒచ్చీసరికి ముసిలోడు ఎల్డం మానీసాడు. అరుగు మీద కూకుని నా సెయ్యి పట్టుకుని సూపించీవోడు, దొరసాన్ని ఇలాగ పట్టుకోవాలని. మా అత్త తిట్టీది, కోడలి సెయ్యి అలాగ పట్టుకుంతారేటి అని."

ఎక్కడ పట్టుకునేవాడు నాయనమ్మా అని అడిగాను. మణికట్టు చూపించింది.

బరంపురం_బుల్లోడు
అయిపోయింది పంతులుగారూ, కేసు కొట్టేశారు! అప్పడాలు మా బరంపురంవే, అప్పడాలకీ పచ్చళ్ళకీ మా ఊరే పేరు. మొగలి అంటే గంజాం, ఇంకో మాట లేదు. మొగలి అత్తరు ఇప్పటికీ మా జిల్లా తీరం నుంచే దేశమంతా పోతుంది. పూరీ నుంచి వచ్చేవాడయితే ఖాజాలు తెచ్చేవాడు.

సందేహాల_పంతులు
వాసన సాక్ష్యం ఏ కోర్టులో చెల్లుతుందో నాకు తెలీదు గానీ ఇక్కడ చెల్లింది. ఒప్పుకున్నాను. మణికట్టు దగ్గరే నా వాదన పోయింది నిజానికి.

పూరీ_తెలుగమ్మాయి
నాకు ఒక్కటే కడుపుమంట. ఆ హోటల్ చరిత్ర ఎవరు చెప్పినా ఇటలీ ఆయన కట్టాడు, ఒబెరాయ్ కొన్నాడు, అని రెండు పేర్లు. ముందున్న సముద్రంలోకి అతిథిని దింపింది ఎవరో ఎవరూ అడగరు. ఆ అలల్లో నోలియా లేకపోతే అది సముద్రాన్ని కిటికీలోంచి చూసే హోటల్, స్నానం చేసే హోటల్ కాదు. వచ్చినవాళ్ళు గదికి ఇచ్చిన డబ్బుకి రసీదు ఉంటుంది, వీళ్ళకి ఇచ్చిన అణాకి ఏముంటుంది? అన్నా, మేనేజర్ కాదని మీ నాన్నగారు బాధపడుతున్నారా?

పెదజాలరిపేట_కుర్రోడు
బాధ కాదక్కా, కోపం. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "పెళ్ళిచూపుల్లో చెప్పింది అబద్ధం అయిపోయింది, నీ మామగారికి ఏమని చెప్పాలి" అని. మా మామగారిది భీమిలి, ఆయన కూడా వేట కుటుంబమే, ఫోన్ చేసి అంతా చెప్తే ఆయన నవ్వి, మేనేజర్ అంటే అప్పుడే నమ్మలేదు బాబూ అన్నాడు. దొరసాన్ని అలల్లో ఆడించాడంటే మాత్రం వెంటనే నమ్మాడు, ఎన్ని అణాలిచ్చేవాళ్ళు అని అడిగాడు.

నాన్న మాత్రం నిన్న సాయంత్రం ఎవరూ చూడట్లేదనుకుని టోపీ పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. సరిగ్గా సరిపోయింది.

ఉప్పుగాలి
దాన్ని తడిగుడ్డతో తుడవకండి, రంగు పోతుంది. ఎండలో పెట్టొద్దు, నీడలో గాలికి ఉంచండి. పేము పురుగు పట్టకుండా మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. 2014 హుద్‌హుద్‌లో అది ఎలా మిగిలిందో అసలు? మా ఇంటి రేకులే ఎగిరిపోయాయి.

పెదజాలరిపేట_కుర్రోడు
ఉల్లిపాయలు నిండుగా ఉన్నాయండీ, బరువుకి ఎగరలేదు. నిజంగా చెప్తున్నా. వంటింటి పైకప్పు సగం పోయింది, మేకు మీద అది మాత్రం ఉంది.

బరంపురం_బుల్లోడు
హుద్‌హుద్ అక్టోబరు 12, మా పైలిన్ కూడా అక్టోబరు 12నే, 2013లో, గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాది తేడా. రెండు ఊళ్ళకీ ఏదో చుట్టరికం ఉంది.

వాల్తేరు_లోకో
నాయనమ్మగారిని ఒకసారి తీసుకెళ్ళకూడదా? వైజాగ్ నుంచి బరంపురానికి నాలుగు, నాలుగున్నర గంటలు. పొద్దున్న బండి పట్టుకుంటే మధ్యాహ్నం గాలి మొదలయ్యేసరికి ఒడ్డున ఉంటారు. కింది బెర్త్ తీసుకో, ఎండలు ముదరకముందే వెళ్ళు.

పెదజాలరిపేట_కుర్రోడు
టికెట్లు చేసేశాను, వచ్చే ఆదివారం. నాన్న కూడా వస్తానన్నాడు, తనే అడిగాడు. నాయనమ్మ ఒక్క షరతు పెట్టింది, నీళ్ళలోకి దిగనంది. హోటల్ లోపలికి కూడా వద్దంది, ముందు ఇసుకలో కూర్చుంటుందట. అక్కడ ఇంకా నోలియాలు ఎవరైనా ఉంటారా?

పూరీ_తెలుగమ్మాయి
తెలుగులో గట్టిగా పిలవండి అన్నా, ఎవరో ఒకరు తల తిప్పుతారు.

బరంపురం_బుల్లోడు
ఆదివారం నేనూ ఊళ్ళోనే ఉంటా, స్టేషన్‌కి వస్తాను. భోజనం మా ఇంట్లో, అప్పడాలు వేయించి పెట్టిస్తా. టోపీ తెస్తున్నారా?

పెదజాలరిపేట_కుర్రోడు
తెస్తున్నాం. నాన్న పాత లుంగీలో చుట్టి సంచిలో పెట్టాడు, పైబెర్త్ మీద పెట్టనివ్వడట, ఒళ్ళో పెట్టుకుంటాడట.

మురీమిక్చర్
మరి ఉల్లిపాయలు?

పెదజాలరిపేట_కుర్రోడు
ప్లాస్టిక్ బుట్ట కొన్నాను, నూట ఇరవై.